అత్త రిక్షా, మావయ్య కారు

కారు తలుపు వేసిన ప్రతిసారీ మా మావయ్య దానికి చెవి ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకునేవాడు. ఆ చప్పుడు బాగుంటే ఆయనకి ఆ రోజంతా హుషారే. కార్ఖానాలో క్రేన్ నడిపే మావయ్య, జంషెడ్‌పూర్ వదిలి వెళ్తున్న ఒక దొర దగ్గర ఆ పాత నల్ల కారు కొన్నాడు.

ఒకరోజు భాలుబాసా మలుపులో అత్త పక్కన తలుపు దానంతటదే తెరుచుకుంది. మావయ్య ఆమె రెక్క పట్టుకుని లాగబట్టి సరిపోయింది. అత్త కిందికి దిగి, "లాకు బాగయ్యేదాకా నానీ కారెక్కను. నువ్వు పద, రిక్షా మీద వత్తన్నాను," అంది.

అన్నంత పనీ చేసింది. సాక్చి బజారుకి వెళ్లాలంటే అత్త రిక్షాలో ముందు, ఖాళీ కారులో మావయ్య వెనక. మేముండే కాసిడీహ్ పేటంతా నవ్వింది.

మావయ్యకి మాత్రం నవ్వు రాలేదు. ఆదివారం పొద్దున్నే లాకు విప్పి చూస్తే, గడియ పడే పట్టీకి మరలు బిగించే కన్నాలు అరిగిపోయి ఉన్నాయి. లావు మరలు వేసి బిగించి, తలుపు చప్పుడు విని, "అబ్ ఠీక్ హై. ఎక్కవే," అన్నాడు.

"ముందు నువ్వా తలుపు పక్కన కూకో," అంది అత్త.

కొత్తగా లైసెన్సు వచ్చిన నేను తోలాను. అత్త వెనక సీట్లో కూర్చుంది. మలుపు రాగానే మావయ్య తలుపుకి వీపు ఆనించి, రెండు చేతులూ పైకెత్తేశాడు. తలుపు కదల్లేదు.

"సాల్లే. ఆపరా బండి," అంది అత్త.

దిగి ముందుకొచ్చి, "ఏటా సూపు? జరుగు," అని ముగ్గురు పట్టే ఆ ముందు సీట్లో ఆయన్ని నా వైపు తోసి, తలుపు పక్కన తనే కూర్చుంది.