పండ్లు అడిగిన అవ్వ

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా వాడకట్టులో పూలమ్మే ఆమె. కరీంనగర్ చివర ఉన్న వృద్ధాశ్రమంలో దేవుడి పటాలకు కూడా ఆమే పూలిచ్చేది. ఆ రోజు పొద్దున మా గడపలో కూర్చుని దండ కొలుస్తూ మధ్యలో చెయ్యి ఆపింది.

"అమ్మా, మీ ఇచ్చోడ అవ్వ బుగ్గ పూరీ లెక్క ఉబ్బింది. నోరు తెరుస్తలేదు. ఒళ్లె మాత్రం బత్తాయి పండ్లు పెట్టుకొని కూసున్నది."

"పండ్లెవరిచ్చిండ్రు?"

"ఎవరో పెద్దమనిషి పుట్టినరోజట. నాకు పండ్లు గావాలని అవ్వనే అడిగిందట. అందరు ఒక్కటే నవ్వుడు."

నాకు నవ్వు రాలేదు. పూలు దేవుడి ముందు పెట్టి, చెప్పులేసుకుని బయలుదేరాను.

ఇచ్చోడ అవ్వ నాకు చుట్టం కాదు. నేను బడి ముఖం చూడని దాన్ని. మా బాపు ఇంట్లోనే ఇసుకలో అక్షరాలు దిద్దించి చదువు చెప్పాడు. ఈ రుణం ఎట్లా తీర్చుకోవాలె అని పెళ్లయి పోయే ముందు అడిగితే, "చదువు రానోళ్లకు సదివి ఇనిపియ్యి బిడ్డా, తీరిపోతది" అన్నాడు. అందుకే శనివారాలు ఆశ్రమానికి పోయి పురాణం చదివేదాన్ని. అవ్వ ముందు వరుసలో కూర్చునేది. ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడ ఆమె ఊరు కాబట్టి మరాఠీ వాళ్ల లాగా నన్ను "బాయీ" అని పిలిచేది. పిల్లలు లేరు. అక్క కొడుకు దుబాయి పోతూ పోతూ ఆమెను అక్కడ చేర్పించాడు. నేను పద్యం ముగించగానే "గోవిందా" అని అందరికన్నా పెద్దగా అనేది ఆమే. ఆ గొంతుకు పక్క గదిలో పడుకున్న వాళ్లు కూడా లేచి కూర్చునేవారు.

చెల్లె కాన్పుకని నేను పెద్దపల్లి పోయి అప్పుడే తిరిగి వచ్చాను. నేను లేని ఆ రోజుల్లోనే ఇదంతా జరిగింది.

అవ్వ మంచం మీద గోడకు ఒరిగి ఉంది. చెంగును ఉండ చుట్టి కుడి దవడకు ఒత్తుకుంది. బత్తాయిలు అట్లాగే ఉన్నాయి, ఒక్కటీ ఒలవలేదు. నన్ను చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"బాయీ, నేను పండ్లన్నది గివి గాదు."

మా దిక్కున నోట్లో ఉన్నవీ పండ్లే, చెట్టుకు కాసినవీ పండ్లే. ఆ పెద్దమనిషి వంగి, "అవ్వా, నీకేం గావాలెనో చెప్పు" అన్నాడట. పంటి నొప్పని ఆశ్రమం మేనేజరుకు చెప్పీ చెప్పీ విసిగిన మనిషి. ఇంత పెద్దాయన అడిగాడు గదా అని ధైర్యం చేసింది. దవడ మీద చెయ్యి పెట్టుకుని, "పండ్లు బిడ్డా, పండ్లు..." అంది. ఆ పై మాట పెగలలేదు.

"పండ్లే తెచ్చిన గదనే అవ్వా!" అని ఆయన ఒళ్లో పోశాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. దండం పెట్టమంటే దండం కూడా పెట్టింది.

"గివి గావు అని చెప్పకపోయినవా అవ్వా?"

"ఎట్ల జెప్పాలె బాయీ? ఇచ్చినోడు ముంగట్నే నిలబడె. గది గాదు గిది గాదు అంటె ఏం బాగుంటది?"

నేను కూడా అన్నిటికీ దేవుడికి దండం పెట్టే మనిషినే. తాగే నీళ్లకూ పెడతాను. కానీ ఆ మాట విన్నాక తెలిసింది, దండం పెట్టించుకునేవాళ్ల ముందు నోటికి దండమే తాళం అవుతుందని.

మేనేజరు తన గదిలో కుర్చీ చూపించి నాకు చాయ్ తెప్పించాడు.

"గీ వయసుల పండ్లకు దవాఖానెందుకమ్మా? ఊడేటియి ఊడుతయి. షుగరో, బీపీనో అయితె డాక్టర్ సాబ్ వస్తనే ఉన్నడు."

"గా డాక్టర్ సాబ్ నోరు తెరిపిచ్చి సూసిండా?"

"ఆయన పండ్ల డాక్టర్ గాదు గద! జర ఫికర్ జెయ్యకుండ్రి. లవంగం పెట్టుమన్న."

"పెద్ద దవాఖానల పండ్ల డాక్టర్ ఉన్నడు. రిక్షాల నేనే తీస్కపోత, నేనే తీస్కొస్త."

"చేర్పించినాయన మాట లేంది గేటు దాటనియ్యమమ్మా. రేపేమన్నయితె జవాబెవలు చెప్తరు? కబురు పంపుతం."

కబురు చొప్పదండిలో ఉన్న ఆ అక్క కొడుకు భార్యకు పోయింది. ఆమె దుబాయి ఫోను కోసం కాచుకుంది. ఆయన సెలవు రోజున మాత్రమే, ఫోను ఉన్న షావుకారి ఇంటికి చేసేవాడు. ఆ వారం లైను కలవలేదు. అందరి దగ్గరా జవాబు ఉంది. అవ్వ పంటికే లేదు.

నేను రోజూ అంబలి పట్టుకుపోయేదాన్ని. ఆశ్రమంలో వండిపెట్టే ఆమె దాన్ని గుడ్డతో వడగట్టి, అవ్వ తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో పెదవి మూల నుంచి పోసేది. వాపు బుగ్గ దిగి, మేం గెదువ అనే గడ్డం కిందికి వచ్చింది. జ్వరం పట్టుకుంది. ఒకనాడు నా చెవి దగ్గరికి పిలిచి, "బాయీ, గోవిందా అననీకి నోరు వస్తలేదు. ఇగ నేనే గోవిందా" అంది. నవ్వబోయి, నొప్పికి కళ్లు మూసుకుంది.

మరుసటి వారం లైను కలిసింది. "ఆయనకేం తెలుసు పాపం, తీస్కపోండ్రి అన్నడు" అని చొప్పదండి నుంచి మాట వచ్చింది. గుంతల మీద కుదుపు తగలకుండా రిక్షా అతను దిగి నడిపించుకుంటూ తీసుకొచ్చాడు. దవాఖానలో పండ్ల డాక్టరు అవ్వ గెదువ కింద వేళ్లు పెట్టి చూసి నా వైపు తిరిగాడు.

"ఇంతదాంక ఏం జేసిండ్రమ్మా? మొదట్లనే తెస్తె పన్ను తీసేసి గిదే రిక్షాల తోలుతుంటి. చీము గొంతులకు దిగింది. తొందరగ హైదరాబాద్ తీస్కపోవాలె."

హైదరాబాదు అంటే మళ్లీ చొప్పదండి నుంచి మాట రావాలి. అంతదాకా వార్డులో ఉంచి సూదులిచ్చారు. మాట రాకముందే అవ్వ పోయింది. నా చేతిని పట్టుకునే ఉంది. పుచ్చిన పన్ను ఒకటి ఇంత పని చేస్తుందని నేను ఎన్నడూ వినలేదు.

"పెద్ద వయసు, ఏం జేస్తం" అన్నాడు మేనేజరు. అడిగినవాళ్లందరికీ అదే చెప్పాడు. పదోనాడు ఆశ్రమంలో ఆమె పేరు మీద అందరికీ పండ్లు పంచారు. నా చేతిలో కూడా ఒక అరటిపండు పెట్టారు. ఏ ప్రసాదాన్నీ కాదనని దాన్ని, ఆ పండును మాత్రం దేవుడి ముందు పెట్టలేకపోయాను. గేటు బయట ఆవు ఉంటే దానికి పెట్టాను. దానికి పళ్లున్నాయి.

కబురు తెచ్చిన పూలామెకు, చెంచాతో అంబలి పోసిన ఆమెకు, రిక్షా దిగి నడిచిన ఆయనకు నేను ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. మిగిలిన వాళ్ల కోసం చేతులు లేవవు. దేవుడు నన్ను క్షమిస్తే క్షమిస్తాడు.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. ఎప్పుడైనా పండ్ల బుట్టతో అలాంటి చోటికి పోతే, పండు చేతిలో పెట్టే ముందు "అవ్వా, జర నోరు తెరువు" అని అడగండి. ఆ మాట అనేటప్పుడు మా ఇచ్చోడ అవ్వను తలుచుకోండి.