గోరు తగిలే గీత

నా చిన్నప్పుడు ఉక్కునగరంలో ముదురు రంగు కారు కొన్నవాళ్ళని జనం వింతగా చూసేవారు. ప్లాంటు వైపు నుంచి గాలి తిరిగిందంటే చాలు, ఆరేసిన బట్టల మీదా, తులసికోట మీదా, తలుపు గడియల మీదా సన్నటి దుమ్ము వాలిపోయేది. అలాంటి చోట మా పక్క క్వార్టర్ తాతయ్య ముదురు నీలం కారు కొన్నారు. తెల్లది కొనుక్కోమని అందరూ చెప్పారట. ఆయన భార్య, మేం మామ్మ అనేవాళ్ళం, ఆవిడకి నీలం నచ్చింది. ఆ ఇంట్లో మామ్మ మాటకి తిరుగులేదు.

ఆ కారుని రోజూ పొద్దున్నే మామ్మే తుడిచేది. పాత వాయిల్ చీర ముక్క ఒకటి మడిచి పట్టుకుని, ఏదో కూనిరాగం తీస్తూ, గుండ్రంగా గుండ్రంగా తుడిచేది. నీళ్ళు వాడేది కాదు, పొడిగుడ్డే. తుడిచాక చీకట్లో దీపంలా మెరిసేదనుకోండి. కానీ ఎండ ఏటవాలుగా పడితే మాత్రం బానెట్ నిండా సాలీడు గూడు అల్లినట్టు సన్నటి గీతలు కనిపించేవి. మామ్మ పోయిన తర్వాత ఆ కారు మీద దుమ్ము అలాగే పేరుకుంది. తాతయ్య దాని జోలికి వెళ్ళలేదు.

ఆ తరవాతి ఏడాది మా అమ్మ పోయింది. మాది గోదావరి జిల్లా. నాన్న రోలింగ్ మిల్లులో షిఫ్టు డ్యూటీ. వచ్చిన చుట్టాలు కార్యం అయ్యాక ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. నాన్నకి మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఉండే బి షిఫ్టు పడిన వారమంతా నేను బడి నుంచి వచ్చి తాళం తీసుకుని లోపలికి వెళ్ళేదాన్ని. తాళం తీసిన చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు ఉండేది కాదు. ఒంటరితనం అన్న మాట అప్పటికి నాకు తెలీదు గానీ, ఆ చప్పుడు తెలుసు.

ఎవరూ రాలేదని కాదు. మా వీధి ఆడవాళ్ళు మంచివాళ్ళే, వంతులవారీగా గిన్నెల్లో కూరలు తెచ్చేవారు. గిన్నె కింద పెట్టి, నా తల నిమిరి, తల్లి లేని పిల్లవైపోయావే అనేవారు. చివరి రోజు అమ్మ ఏమంది, ఎలా చూసింది, నన్ను పిలిచిందా అని అడిగేవారు. చెబితే వాళ్ళే ఏడ్చేవారు. అప్పుడు నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి వాళ్ళని ఓదార్చాల్సి వచ్చేది. మర్నాడు ఇంకొకావిడ వచ్చి మళ్ళీ మొదటినుంచీ అడిగేది. తలుపు చప్పుడైతే దాక్కోవడం మొదలుపెట్టాను.

నాన్నది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తీరు. ఆయన అమ్మ పేరే ఎత్తేవారు కాదు. నేనెత్తితే ఆయన ఏమైపోతారోనని నేనూ ఎత్తేదాన్ని కాదు.

మా ముందుగదిలో ఒక గోడకి అరచెయ్యంత నూనె మరక ఉండేది. సాయంత్రాలు అమ్మ చాప వేసుకుని, ఆ గోడకి తల ఆనించి, షిఫ్టు బస్సు కోసం చెవి ఒగ్గి కూర్చునేది. కొబ్బరినూనె రాసుకున్న ఆ తల ఏళ్ళ తరబడి ఆనీ ఆనీ నూనె సున్నంలోకి ఇంకిపోయింది. అమ్మ పోయాక నేను దాని పక్కనే కూర్చునేదాన్ని. తల మాత్రం ఆనించేదాన్ని కాదు, నా నూనె దాంట్లో కలిసిపోతుందని భయం.

ఇంతలో మా వరస క్వార్టర్లకి రంగులు వేసే వంతు వచ్చింది. నిచ్చెనలూ డబ్బాలూ వీధి ఆ చివర కనిపించాయి. పనివాళ్ళు ఒక్కో ఇల్లే ముగించుకుంటూ మా వైపు వస్తున్నారు. ఆ మరక పోతుందని నాకొక్కదానికే తెలుసు. ఎవరితో చెప్పను? నాన్నతో చెప్పాలంటే అమ్మ పేరెత్తాలి. నాకు అన్నం సహించడం మానేసింది.

ఆ రోజుల్లోనే తాతయ్య క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఆయన రిటైరయ్యారు, పరవాడ పక్కన సొంత ఊళ్ళో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. వెళ్ళేముందు ఒక ఆదివారం కారుని కానుగ చెట్టు నీడలోకి తోసి పని మొదలుపెట్టారు. నేను వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. ఆయన ఏమీ అడిగేవారు కాదు. అందుకే వెళ్ళాను.

పాడైపోయిన స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి నా చేతిలో పెట్టి, బానెట్‌కి తగలకుండా దుమ్ము పైన తిప్పమన్నారు. తిప్పాను. నల్లటి వెంట్రుకల్లాంటివి లేచి దానికి అంటుకున్నాయి. మామ్మ అన్నేళ్ళూ పొడిగుడ్డతో తుడిచింది ఉత్త దుమ్ముని కాదు, ఇనప రజనుని.

తర్వాత గుడ్డ తగిలించకుండా నీళ్ళు ధారగా పోసి ఆ రజను జారిపోనిచ్చారు. షాంపూ నురగతో కడిగి, పాత బనీను గుడ్డతో అద్ది ఆరబెట్టారు. రేకు చల్లబడ్డాక, మెత్తటి గుడ్డ మీద చిటికెడు పాలిష్ పేస్టు తీసుకుని, గట్టిగా నొక్కకుండా, కొంచెం కొంచెం మేర రుద్దడం మొదలుపెట్టారు. పేస్టు ఎండకముందే తుడిచేశారు. తుడిచినచోట సాలీడు గూడు లేదు. నా ముఖం కనిపించింది.

నాకు సంతోషం వెయ్యలేదు, కోపం వచ్చింది. ఇక్కడ ఈయన, అక్కడ ఆ రంగులవాళ్ళు, అందరూ కలిసి చెరిపేస్తున్నారనిపించింది.

"అవి మామ్మ గీతలు కదా తాతయ్యగారూ. ఎందుకు చెరిపేస్తున్నారు?" అన్నాను.

ఆయన గుడ్డ ఆపారు.

"పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయని నాకు తెలుసమ్మా. ఏటని సెప్తాను? తుడిసినంతసేపూ పాడుకునీది. సెప్తే ఆ పాట ఆగిపోతాది."

ఆ మాట అని, నా వేలు పట్టుకుని ఇంకా రుద్దని చోట గోటిని మెల్లగా జరిపించారు. గోరు నున్నగా జారిపోయింది. ఇవి ధూళి గీతలు, పైపైనే ఉంటాయి, రుద్దితే పోతాయన్నారు. గీతని మనం పూడ్చం, చుట్టూ ఉన్న రంగునే కాస్త అరగదీసి గీత లోతు దాకా దించుతాం, అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని రుద్దాలని కూడా చెప్పారు.

తర్వాత నన్ను మామ్మ కూర్చునే వైపు తలుపు దగ్గరికి తీసుకెళ్ళారు. పిడి పక్కన, తలుపు తీసినప్పుడల్లా మామ్మ బంగారు గాజు తగిలి పడిన గాటు ఒకటి ఉంది. దాని మీద నా గోరు ఠక్కున ఆగింది.

"గోరు తగిలింది కదా. ఇది రుద్దకూడదు. దీన్ని తియ్యాలంటే సుట్టూ రంగంతా తినేయాల. అడుగున రేకు బయటపడిపోతాది."

మరేం చెయ్యాలని అడిగాను.

"సుబ్బరంగా కడిగి, మైనం రాసి ఒగ్గేయాల."

ఒగ్గేయడమంటే వాళ్ళ మాటలో వదిలెయ్యడం. ఆయన ఆ గాటు మీద వేలితో మైనం అద్దుతూ, నా వైపు చూడకుండానే ఇంకో మాట అన్నారు.

"మీ ఇంటికొచ్చినోళ్ళందరూ రుద్దుతన్నారు. ఆళ్ళ సేతిలో గుడ్డ మంచిదే. రుద్దే సోటే మంచిది కాదు."

నాకు ఏడుపు వచ్చింది. అమ్మ పోయాక ఎవరూ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా ఏడ్చింది అప్పుడే. ఆయన తన పని తాను చేసుకున్నారు.

రంగులవాళ్ళు మా ఇంటికి వచ్చిన రోజు నాన్నకి వీక్లీ ఆఫ్. చాప తీశారు, కుర్చీలు జరిపారు. నేను వెళ్ళి ఆ గోడ ముందు నిలబడ్డాను. చివరికి "నాన్నా, ఇక్కడ వద్దు" అన్నాను. నాన్న దగ్గరికి వచ్చారు. నన్ను పక్కకి జరిపి, వంగి, మరకని చూశారు. ఆయనకి అది ముందే తెలుసని ఆయన చెయ్యి తిన్నగా అక్కడికే వెళ్ళిన తీరులో తెలిసిపోయింది.

"ఈ గోడ వదిలెయ్యి బాబూ" అన్నారు నాన్న.

గదంతా కొత్తగా ఉండి ఒక్క గోడ మాసి ఉంటే ఎబ్బెట్టుగా ఉంటుందన్నాడు రంగులు వేసే అతను.

"ఉండనీ. అది మా ఆవిడ కూర్చునే చోటు."

ఆ పూట మేమిద్దరం కంచాలు తెచ్చుకుని ఆ గోడ దగ్గరే అన్నం తిన్నాం. నాకు ఆకలి వేసింది.

తాతయ్య ఆ వారంలోనే వెళ్ళిపోయారు. నేను బడి నుంచి వచ్చేసరికి కారు లేదు. అది నిలబడిన మేర మాత్రం నేల శుభ్రంగా, కారంత పొడుగున మిగిలింది. పక్కింటి తలుపుకి తాళం, మా తలుపుకి తాళం. సాయంత్రానికి గాలి తిరిగి ఆ శుభ్రమైన నేల మీద కూడా దుమ్ము వాలింది. ఆయన్ని మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నా వయసు మా అమ్మ బతికిన వయసు దాటింది. ఆ క్వార్టర్‌లో ఎవరెవరో ఉండి వెళ్ళుంటారు, ఆ గోడకి ఎన్నో పూతలు పడుంటాయి. చావు జరిగిన ఇంటికి వెళితే నేను ఏమీ అడగను. పక్కన కూర్చుంటాను, వాళ్ళు చెబితే వింటాను. నన్ను మాటలు రాని మనిషి అనుకునేవాళ్ళున్నారు, అనుకోనీ. నా మటుకు నాకు, ఇన్నేళ్ళలో మనసు మీద పడిన గీతలు చాలావరకు అరిగి నున్నబడ్డాయి. సాయంత్రం ఏ ఇంట్లోనైనా తాళం తీస్తున్న చప్పుడు వినిపిస్తే మాత్రం గోరు ఇంకా ఠక్కున ఆగుతుంది. అక్కడ రుద్దను.