గోటి తలంబ్రాలు, ఒక డిక్లరేషన్ కార్డు

పదిహేనేళ్ల కిందట, భద్రాచలం కల్యాణం జరిగిన మూడో వారంలో, నేనూ మావారూ శాశ్వత నివాసులుగా ఆస్ట్రేలియాకు బయలుదేరాం. అప్పటికి మణుగూరు దగ్గరి ఒక దవాఖానాలో ఇరవై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. బడి ముఖం చూడకుండా అమ్మ దగ్గర చదువుకుని, ప్రైవేటుగా పదో తరగతి పాసయి, ఆపైన నర్సింగ్ చదివినదాన్ని. ఆ దేశపు నర్సింగ్ రిజిస్ట్రేషన్, దాని ఆధారంగా వీసా నాకు దక్కడం దైవకృపేనని ఇప్పటికీ నమ్ముతాను. వీసా కాగితాల్లో ప్రధాన దరఖాస్తుదారు నేను, మావారు నా మీద ఆధారపడినవారు. అది చదివి ఆయన, "ఇగ నీ కొంగు వట్టుకొనే నడవాల్నన్నట్టు" అని నవ్వారు.

విమానం దిగేముందు ప్రతి ప్రయాణికునికీ ఒక కార్డు ఇస్తారు. తిండి పదార్థాలు, గింజలు, మొక్కలు వెంట ఉన్నాయా అని అందులో అడుగుతారు. సంతకం చేస్తే అది మన వాంగ్మూలమే. పచ్చళ్లు, పొడులు ఏవీ తేలేదు కనుక "లేదు" అని గుర్తు పెట్టి సంతకం చేశాను.

సామాన్ల కోసం నిలబడినప్పుడు గోడమీద నిషిద్ధ వస్తువుల బొమ్మలు కనిపించాయి. పండు, గుడ్డు, గుప్పెడు ధాన్యం. చేతిసంచి తడిమి చూసుకున్నాను. అందులో తలంబ్రాల మూట ఉంది. నవమికి ముందు మా వైపు ఆడవాళ్లు రోకలీ మరా తగలకుండా వడ్లను గోటితో ఒలిచి స్వామి కల్యాణానికి పంపుతారు. చూపు మందగించినా అమ్మ ఆ ఏడూ ఒలిచింది. కల్యాణమయ్యాక ఒక ముత్యంతో సహా గుప్పెడు నాకు ఇచ్చింది.

మావారితో చెప్పాను.

"గవి తిండిగింజలా ఏంది? దేవుని అక్షింతలు. జల్దీ నడువ్."

"అవ్, మనకు అక్షింతలే. వాళ్లకు బియ్యం గాదా?"

"ఇప్పుడు చెప్తే దిగిన విమానమే ఎక్కిస్తరు. నీ ఇష్టం మరి."

ఆయన భయం ఉత్తది కాదు. తప్పుడు వాంగ్మూలానికి జరిమానా ఉంది. పైగా నర్సు రిజిస్ట్రేషన్‌కు మంచి నడవడి షరతు. మొదటి రోజే మచ్చ పడితే ఉద్యోగమే ఉండకపోవచ్చు.

వార్డులో కేస్ షీట్ మీద తప్పు రాస్తే చెరపకూడదు, పైన దిద్దకూడదు. పాత మాట కనబడేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. కార్డు మీద అలాగే చేసి, నేనే తనిఖీ బల్ల దగ్గరికి వెళ్లి మూట విప్పాను.

అక్కడి అధికారిణి, ఇవి మరపట్టిన బియ్యమేనా అని అడిగింది. అవునంటే వదిలేసేలా ఉంది, ఎందుకంటే మరపట్టిన బియ్యం మొలవదు. గోటితో ఒలిచిన గింజలో మొలిచే భాగం అలాగే ఉంటుంది. చేత్తో ఒలిచినవని చెప్పాను. ఎందుకలా అంటే అదీ చెప్పాను. ఆమె కార్డు మీది గీతనూ సంతకాన్నీ చూసి, మీరు నర్సా అని అడిగింది. గింజలను ధ్వంసం చేయడానికి కవర్లో వేసి సీలు చేసింది. ముత్యాన్ని తుడిచి నా అరచేతిలో పెట్టి, స్వాగతం చెప్పింది. జరిమానా వేయలేదు.

బయటికొచ్చాక మావారు, "నేనైతే దాచిపెడుదును. నువ్వు తలెత్తుకొని వచ్చినవ్" అన్నారు. ఆయన నోట అంత మాట రావడం అరుదు.

ఆ దేశంలో పదిహేనేళ్లు చేసి, వార్డు మేనేజరుగా రిటైరయ్యాను. అంతకుముందు మణుగూరులో అడవి ఊళ్ల రోగులను మందులేమైనా వాడారా అని అడిగితే లేదనేవారు. తర్వాత ఆకు పసరు తాగారని తేలితే, దాచారని కోప్పడేదాన్ని. వాళ్లు దాచలేదు. వాళ్ల లెక్కలో మందంటే గోళీ, సూది. నా లెక్కలో తలంబ్రాలు గింజలు కానట్టే. ఆ తనిఖీ బల్ల దగ్గర నిలబడిన రోజు నుంచి నేను ప్రశ్న మార్చుకున్నాను. ఈ వారం ఏం తిన్నారు, ఏం తాగారు, ఒంటికి ఏం రాసుకున్నారు అనే అడిగాను. నా కింద పనిచేసిన ప్రతి నర్సుకూ అలాగే అడగడం నేర్పాను.