అప్పగించిన సైకిలు

మా అత్తగారు పోయారన్న కబురు నాకు మామిడితోటలో అందింది. అప్పుడే పుట్టిన ఆడపిల్లను గుడ్డలో చుట్టి తల్లి పక్కన పడుకోబెడుతున్నాను. మా వీధి మనిషి పాక గుమ్మంలో నిలబడి, ఎలా చెప్పాలో తెలియక, ఇంటికి రావాలండీ అని మాత్రం అన్నాడు. ఆ పొద్దున నా సైకిలు వెనక కూర్చుని నాతోపాటు ఆ తోటకు వచ్చిన మనిషి ఆవిడ. ఎండకు కళ్ళు తిరుగుతున్నాయంటే తోటవాళ్ళు ఎద్దుబండిలో ఇంటికి పంపారట. లోపల నొప్పులు ముదురుతున్న వేళ అది. నన్ను పిలవద్దని ఆవిడే అన్నారట. ఇల్లు చేరిన గంటకే పోయారు. నేను ఆ మనిషి తెచ్చిన బండెక్కి అడ్డదారిన ఇంటికి పరిగెత్తాను. సైకిలు సంగతే గుర్తు లేదు.

నేను నూజివీడు చుట్టుపక్కల పురుళ్ళు పోసే నర్సును. స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు జిల్లా బోర్డువారు నాకొక ఆడవాళ్ళ సైకిలు ఇచ్చారు. తోటల్లోనూ చేలగట్ల మీదా చెదురుమదురుగా ఉండే కూలివాళ్ళ పాకలకు వేళకు చేరాలంటే నాకు అదే దిక్కు. పోగొట్టుకుంటే ఇంకోటి ఇవ్వబోమని ఇచ్చిన రోజే చెప్పారు. నేను పాక లోపల గంటల తరబడి ఉంటే సైకిలు బయట దిక్కులేకుండా నిలబడి ఉండేది. కోతల కాలంలో ఎక్కడెక్కడి మనుషులో వస్తారు, ఎవరు ఎవరో తెలియదు. సైకిలు పోతే నడవాలి, నేను నడిచి వచ్చేదాకా పురుడు ఆగుతుందా? ఆ భయంతో నాకు సగం ప్రాణం గుమ్మం బయటే ఉండేది.

మా ఆయన బెజవాడ నుంచి గొలుసూ తాళమూ తెచ్చారు. నెల తిరక్కుండానే జి. కొండూరు వైపు ఒక తోటలో, ఎండాకుల మధ్య తాళంచెవి ఎక్కడో జారవిడుచుకున్నాను. అవతల ఇంకో పురుడు. ఇద్దరు మనుషులు సైకిలును భుజాన మోస్తుంటే, వాళ్ళ వెనక నేను పరుగులాంటి నడక. తల్లీ బిడ్డా దక్కారు, నా అదృష్టం. ఇంటికొచ్చి చెబితే అత్తగారు ఆ తాళాన్ని పాత పెట్టెలో పడేశారు. "దొంగను ఆపిందో లేదో తెలీదు గానీ నిన్ను మాత్రం బాగా ఆపిందే అమ్మాయ్," అన్నారు. మర్నాడు పొద్దున్నే చీర కుచ్చెళ్ళు బిగించి, గొడుగు పట్టుకుని, సైకిలు వెనక ఎక్కి కూర్చున్నారు. నేను వద్దంటే వినే మనిషా!

జనం నవ్వారు. నవ్వరూ మరి, కోడలు తొక్కుతుంటే అత్త ఊరేగుతోంటే! నవ్వనీ, నవ్వినవాళ్ళ ఇళ్ళలో పురుళ్ళు రావా ఏంటి అనేవారు ఆవిడ. ఎత్తు వస్తే దిగి, నన్నూ బోర్డువాళ్ళనూ దారినీ తిట్టుకుంటూ వెనకాలే నడిచేవారు. చదునైన దారి వస్తే చాలు, కునికిపాట్లు మొదలు. నుదురు వచ్చి నా వీపుకు ఆనేది. రెండు పక్కలా చెట్లు, గడ్డి కప్పిన కాయల రాసుల్లోంచి కమ్మగా ముగ్గిన వాసన, దుమ్ములో ఊగే ఎండచారలు. నేను తొక్కుతున్నానో, తోటే మమ్మల్ని దాటుకుని వెనక్కి నడిచిపోతోందో తెలిసేది కాదు. అలాంటి దారుల్లో నేనూ సగం నిద్రలోనే ఉండేదాన్నేమో.

చేరాక ఆవిడ చేసే మొదటి పని సైకిలు అప్పగించడం. నాలుగు పక్కలా చూసేవారు. సైకిలు మీద ఎవరి కన్ను పడిందో కనిపెట్టి, తిన్నగా అతని దగ్గరికే వెళ్ళి, "నాయనా, ఇది నీకు అప్పగిస్తున్నాను. నేనొచ్చి తీసుకుంటాను," అనేవారు. పేరడగరు, ఊరడగరు. ఆ మాట అనేసి లోపలికొచ్చి నాకు వేణ్ణీళ్ళు కాచిపెట్టేవారు. సంతలోనూ అంతే. ఒక్కసారి కూడా సైకిలు పోలేదు.

ఇది దొంగ చేతికి తాళంచెవి ఇవ్వడం కాదా అని మా ఆయన విసుక్కుంటే, ఆవిడ ఆయన వంక చూడలేదు, నా వంక చూశారు. "పెళ్ళిలో మీ అమ్మ నీ చేతులు పాలలో ముంచి నా చేతుల్లో పెట్టి అప్పగింతలు పెట్టింది. తాళం వేసి ఇచ్చిందా ఏంటి?" అన్నారు. నాకు ఆ పూట అన్నం సహించలేదు, సంతోషంతోనే.

ఆవిడ పోయిన నాలుగోరోజు పొద్దున రెడ్డిగూడెం నుంచి ఒకతను వచ్చాడు, భార్యకు నొప్పులు మొదలయ్యాయని. మైలలో గడప దాటకూడదన్నారు పెద్దవాళ్ళు. పురిటికి మైల అడ్డం రాదని అత్తగారు ఎన్నిసార్లు అనలేదు! బయల్దేరాను. ముందు తోటకు వెళ్ళి సైకిలు తీసుకోవాలి. కోతవాళ్ళు మర్నాడే వేరే తోటకు వెళ్ళిపోయారు. దారి మొదట్లో ఒక చెట్టు కింద కావలి తాత ఒక్కడే, నా సైకిలు సీటు మీద చెయ్యి వేసి కూర్చుని ఉన్నాడు. నేను హ్యాండిలు పట్టుకోబోతే అడ్డంగా లేచాడు.

"పెద్దమ్మగోరు బండెక్కి ఎళ్తా నాకు అప్పజెప్పారండి. ఆయమ్మగోరే వచ్చి అడిగితే ఇత్తానండి."

సైకిలు నాదేనన్నాను. మీదేనండి, కాదన్లేదండి, కానీ అప్పజెప్పింది మీరు కాదు గదండి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రెడ్డిగూడెం అతను పక్కన కాలు నిలవక అటూ ఇటూ తిరుగుతున్నాడు. అక్కడ ఒక ఆడది పళ్ళు బిగించి నా కోసం చూస్తోంది. లాక్కుందామనుకున్నాను. కానీ ఆ ముసలి చెయ్యి సీటు మీంచి కదలదు. చెప్పక తప్పదు. ఇంట్లో అందరూ ఏడ్చారు, నేను పనుల్లో పడి ఏడవలేదు. అప్పటిదాకా ఆ మాట నా నోటితో ఎవరికీ చెప్పలేదు.

"ఆవిడ రారు తాతా. మా అత్తగారు పోయారు."

తాత తలగుడ్డ తీసేశాడు.

"మరైతే నేనెవరికి అప్పజెప్పాలండీ?" అన్నాడు.

చేతులు చాచాను. తాత కుండలో నీళ్ళతో చేతులు కడుక్కున్నాడు. నా రెండు చేతులూ పట్టుకుని హ్యాండిలు మీద పెట్టి, అప్పజెప్పేనమ్మా అన్నాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఏడుస్తూనే తొక్కాను.

వేళకే చేరాను. మధ్యాహ్నానికి మగపిల్లాడు, తల్లి కులాసా. పొద్దువాలేవేళ తిరిగి వస్తూ ఆ తోట దగ్గర దిగాను. తాత లేడు, ఇంటికి పోయినట్టున్నాడు. చెట్టు కింద దుమ్ములో మాత్రం, మొదలు చుట్టూ గుండ్రంగా, ఒకదాని మీద ఒకటిగా టైరు చారలు. నాలుగు రోజులూ నీడ ఎటు తిరిగితే అటు సైకిలును జరుపుతూ వచ్చాడు. ఆ చారల పక్కనే చెట్టు చుట్టూ అతని పాదాల గుర్తులు.