మంచం పక్కన నిలబడే ఉద్యోగం

మా మేనత్త ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయా. లేవలేని రోగులను రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం ముప్పై నాలుగేళ్లుగా ఆవిడ పని. తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. ముట్టుకునే ముందు, స్పృహ లేనివాళ్లకైనా సరే, "అయ్యా, కిటికీ వైపు తిప్పుతున్నా" అని చెబుతుంది. ఆవిడ చేతుల్లో ఒక్కరికీ పుండు పడలేదని పెద్ద నర్సమ్మ కొత్తవాళ్లకు గొప్పగా చెబుతుంది. తొమ్మిదో తరగతితో నా చదువు ఆగిపోయాక, రోజుకూలికి అదే వార్డులో నన్ను పెట్టించింది కూడా అత్తయ్యే.

ఆవిడ రిటైరవడానికి ఐదు నెలలుందనగా, రిటైర్మెంటు వయసు రెండేళ్లు పెంచి, పింఛను ఆ తర్వాతే ఇస్తారన్న మాట పుట్టింది. ఉద్యోగుల అభిప్రాయం రాసుకోవడానికి ఒక అధికారి వచ్చాడు. భోజనాల గదిలో అందరం చేరాం.

"పెంచితే మంచిదే సార్! ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ కూరగాయలు తరగమంటుంది," అన్నాడు చీటీలు రాసే గుమాస్తా.

అందరూ నవ్వారు. ఆయాలూ నవ్వారు. నడుం నొప్పి, భుజం నొప్పి అని ఒక్కరూ నోరు విప్పలేదు. చేతకాదంటే ఉన్న ఉద్యోగం ఊడుతుందని భయం.

అత్తయ్య లేచింది. మొన్న జరిగింది మా ఇద్దరికే తెలుసు.

"సార్, మొన్న పదో మంచం తాతగారిని తిప్పుతుంటే నా కుడిచెయ్యి పట్టు తప్పింది. ఆయన కింద పడేవాడే. ఈ పిల్ల పట్టుకుంది."

"ఊరుకో వదినా! నీ నోటితో నువ్వే చెప్పుకుంటావా?" అంటూ పక్కనున్న ఆయా అత్తయ్య చెయ్యి పట్టి లాగింది.

"నేను దాచుకుంటే రేపు పడేది ఆయన కదమ్మా," అని అత్తయ్య అధికారి వైపు తిరిగింది. "గుమాస్తా గారిని ఎన్నేళ్లయినా చెయ్యనివ్వండి సార్. కుర్చీలో వాళ్లనీ, మంచం పక్కన నిలబడే వాళ్లనీ ఒకే గాటన కట్టకండి."

అధికారి కాగితం చూశాడు. "ఇందులో అవును, కాదు అనే ఉన్నాయమ్మా."

"వెనకంతా ఖాళీయేగా. అక్కడ రాసుకోండి."

రాసుకున్నాడు. ఆ తర్వాత ఆయాలు ఒక్కొక్కరే లేచి భుజాల సంగతీ మోకాళ్ల సంగతీ చెప్పారు. చోటు చాలక అతను ఇంకో కాగితం తీశాడు.

వయసు సంగతి ఇంకా తేలలేదు. పెద్ద నర్సమ్మ మాత్రం మర్నాడే అత్తయ్యను దుప్పట్లు మడతపెట్టే గదికి మార్చింది. ఇన్నేళ్ల పేరు ఒక్క మాటతో పోగొట్టుకుందని కొందరు జాలిపడ్డారు. ఆ సాయంత్రం అత్తయ్య నొప్పుల మందు సీసా నా చేతికిచ్చి, భుజానికి రాయమంది. అప్పటిదాకా నాకు కూడా కనపడకుండా తనే రాసుకునేది.