మల్‌సుక్ ఖర్చు పెట్టని కోరిక

పల్గోంగ్ కొండ కొసన కూర్చున్న రాతి బుద్ధుడి నెత్తిన పలకరాయి టోపీ ఉంటుంది. ఆయన మనిషికి జీవితంలో ఒక్క కోరిక తీరుస్తాడు. ఒక్కటంటే ఒక్కటే. ఆ కొండ కింది దేగు నగరంలో పుట్టినవాళ్ళంతా ఏదో ఒక వయసులో ఆ మెట్లెక్కి, తమ కోరికను ఖర్చు పెట్టేసి దిగుతారు. కొందరు తొందరపడి పెళ్ళికొడుకు కోసం వాడేసుకుని, పెళ్ళయిన మర్నాటి నుంచే ఇంకొకటి ఇప్పించమని కొండ చుట్టూ తిరుగుతారు. ఆయన ఇవ్వడు.

సొమున్ బజారులో డెబ్బై దాటిన ఆడవాళ్ళలో ఆ కోరికను ఇంకా భద్రంగా దాచుకున్న మనిషి ఒక్కతే ఉంది. ఆమె పిండిని కత్తితో సన్నగా కోసి పులుసులో ఉడికించే కత్తి నూడుల్సు అమ్మే ఛా మల్‌సుక్.

మల్‌సుక్ పుట్టేసరికి ఇంటినిండా ఆడపిల్లలే. ఇక చాలని వాళ్ళ నాన్న ఆమె పేరులోనే 'ఆఖరిది' అని చేర్చాడు. ఆ పేరుకి ఎవరూ భయపడలేదు. ఆమె తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. "మమ్మల్ని ఆపడం మా నాన్న వల్లే కాలేదు" అని ఆమె గర్వంగా చెప్పుకునేది.

పెళ్ళయిన ఏడే బజారుకొచ్చి, బెంచీల వెనక పీట వేసుకుని పిండి పిసకడం మొదలుపెట్టింది. ఆమె అప్పడంలా ఒత్తిన పిండిలోంచి అవతలి కొట్టు బోర్డు చదువుకోవచ్చని చెప్పుకునేవారు. ఆ బోర్డు మీద అక్షరాలు పెద్దవిలెండి. ఆమె అరిస్తే మాత్రం గిన్నెలో మరిగే పులుసు ఒక్క క్షణం ఆగి వినేదన్న మాట నిజమే.

కొండకి ఆమె ఏటా వెళ్ళేది. ఏమీ అడగకుండా వచ్చేది. మొగుడి లారీ బోల్తా పడ్డప్పుడు వెళ్ళింది. ఆస్పత్రి మంచం మీద ఆయన అప్పటికే నర్సుతో పోట్లాడుతున్నాడని తలచుకుని, ఈ మనిషికి దేవుడి సాయం అక్కర్లేదని దిగొచ్చింది. కొడుకు గిజున్ కాలేజీ ప్రవేశ పరీక్ష రాసిన ఏడూ వెళ్ళింది. "వీడు పుస్తకం తెరవలేదు, నిన్నెందుకు ఇరుకున పెట్టడం" అని దణ్ణం పెట్టి వచ్చేసింది. గిజున్ ఆ పరీక్ష తప్పాడు. ఇప్పుడు సిటీ బస్సు నడుపుతూ, అన్ని స్టాపుల్లోనూ ముసలమ్మల చేత దీవెనలు పెట్టించుకుంటున్నాడు.

అలాంటి మల్‌సుక్‌కి మోకాళ్ళు పోయాయి.

పీట మీంచి లేవాలంటే బెంచీ అంచు పట్టుకోవాల్సి వస్తోంది. డాక్టరు ఫోటోలు తీసి ఆపరేషన్ అన్నాడు. ఆ తర్వాత రోజంతా నిలబడే పని కుదరదన్నాడు. గిజున్ ఆ మాట పట్టుకున్నాడు.

"ఈ నెలాఖరుకి కొట్టు ఎవరికైనా ఇచ్చేద్దాం అమ్మా. ఇంట్లో వెచ్చటి నేల మీద కూర్చుని టీవీ చూసుకో."

"టీవీలో వాళ్ళు నా నూడుల్సు తింటారేంట్రా?"

"నడవలేకపోతున్నావుగా!"

"ఎవడు చెప్పాడు? ఆదివారం కొండెక్కుతాను."

గిజున్ నవ్వాడు. ఆ నవ్వే ఆమెని మండించింది. పిండి చేతులు నడుముకి తుడుచుకుని లేచి నిలబడింది. "నా కాళ్ళ మీద ఎక్కి, నా కాళ్ళ మీదే దిగొస్తాను. వస్తే కొట్టు ఊసు మళ్ళీ ఎత్తకూడదు. రాలేకపోతే తాళాలు నీకే."

"ఎవరి చెయ్యీ పట్టుకోకుండానా?"

"నీ చెయ్యి కూడా."

పక్క కొట్టులో దుప్పట్లు అమ్మే ఓక్‌బున్ చెవులు ఇటే ఉన్నాయి. ఆమె తన కోరికను పడుచుతనంలోనే మగపిల్లల కోసం ఖర్చు పెట్టేసింది. ముగ్గురు కొడుకులూ పుట్టారు, ఒక్కడూ ఫోన్ చెయ్యడు. ఈ నవంబరులో దేశమంతా ఒకే రోజు రాసే కాలేజీ ప్రవేశ పరీక్ష మనవడికీ ఉంది. అందుకని కొన్నాళ్ళుగా ఆమె కన్ను మల్‌సుక్ కోరిక మీద పడింది.

"అక్కా, నీకెలాగూ అది వాడటం చేతకాదు. మా వాడికి ఇచ్చెయ్యరాదూ?"

"ఈసారి వాడతానే. మోకాళ్ళు అడుగుతాను."

"అయ్యో, బంగారంలాంటి కోరికను మోకాళ్ళ పాలు చేస్తావా? సరే, నేనూ వస్తా. అది ఎటు పోతుందో కళ్ళారా చూడాలి."

పరీక్షకి ముందు ఆదివారం కావడంతో తెల్లారేసరికే కొండ కింద తల్లులు బారులు తీరారు. అందరి వీపున సంచులు, సంచుల్లో బియ్యం, కొవ్వొత్తులు, పిల్లల ఫోటోలు. ఆ వారం ఏ ఇంట్లోనూ సముద్రపు నాచు పులుసు కాయరు. జారిపోయేది తింటే మార్కులూ జారిపోతాయి. గిజున్ వాళ్ళిద్దరినీ కారులోంచి దింపి, ఫోన్ జేబులో ఉందో లేదో రెండుసార్లు అడిగాడు.

"ఉందిలే. కొట్టు కొనేవాడు దొరికితే చెప్తానులే," అంది మల్‌సుక్.

మొదటి మలుపు దాకా ఆమె హుషారుగానే ఎక్కింది. రెండో మలుపుకి ఎడమ మోకాలు మాట్లాడటం మొదలుపెట్టింది. మూడో మలుపుకి కుడిది అందుకుంది.

"అక్కా, నీ కాళ్ళు కిర్రుమంటున్నాయా, చెట్టు మీద పిట్టా?" అంది ఓక్‌బున్.

"పిట్టే. ముందు నీ ఆయాసం చూసుకో, రైలింజను వస్తోందని జనం పక్కకి తప్పుకుంటున్నారు."

కాసేపు కూర్చుని, మనవడి కోసం తెచ్చిన జిగురు మిఠాయిలోంచి ఓక్‌బున్ ఒక ముక్క విరిచిచ్చింది. పరీక్షలో సీటు పట్టుకుని అంటుకుపోవాలని పిల్లలకి పెట్టే మిఠాయి అది. మల్‌సుక్ కట్టుడు పళ్ళకి అంటుకుపోయింది. తర్వాతి రెండు మలుపులూ ఆమె నోరు తెరవలేకపోయింది. ఓక్‌బున్ ఆ దారంతా తనకి తోచిన మాటలన్నీ అని, ఇన్నేళ్ళ బాకీ తీర్చుకుంది. ఇద్దరూ రాతి అంచులు పట్టుకుని, మెట్టు మెట్టుకీ కొత్త తిట్టు కనిపెడుతూ పాకినట్టే పాకి పైకి చేరారు.

పైన గాలి చలిగా కొడుతోంది. చాపకి చాప ఆనించి తల్లులు లేస్తూ వంగుతూ మొక్కుతున్నారు. బుద్ధుడు ఎప్పట్లాగే దేగు వైపు కాకుండా పూసాన్ వైపు చూస్తున్నాడు. మెట్లెక్కే కష్టం మనది, చూపు వాళ్ళది అని దేగు వాళ్ళకి ఆయన మీద ఎప్పటినుంచో అలక.

మల్‌సుక్ ఆయన ఎదుట నిలబడి చేతులు జోడించింది. మోకాళ్ళు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆగింది. బజారులో అర్ధ శతాబ్దం బేరమాడిన బుర్ర అడ్డుపడింది.

"అయ్యా," అంది నెమ్మదిగా, "ఈ మోకాళ్ళతోనేగా ఇంత దూరం వచ్చాను. బేరం తెగిన సరుకుకి మళ్ళీ వెల కట్టడం ఎందుకు? ఉండనీ."

పక్కన నిలబడ్డ ఓక్‌బున్ నుదురు కొట్టుకుంది. "మళ్ళీ దాచేశావా! అయితే మావాడికి ఇచ్చెయ్!"

"చదివాడా వాడు?"

ఓక్‌బున్ మిఠాయి పొట్లం సంచిలో కుక్కింది.

"మావాడి గురించి చెప్పిన మాటే నీవాడికీ చెప్తా. ఆయన్ని ఇరుకున పెట్టకు."

గుడిలో పెట్టిన ఎండు ముల్లంగాకు పులుసన్నం తిని ఇద్దరూ దిగడానికి బయల్దేరారు. మొదటి మెట్టు మీద కాలు మోపగానే మల్‌సుక్‌కి తన తెలివితక్కువతనం తెలిసొచ్చింది. ఎక్కడం ఒక నొప్పయితే దిగడం పది నొప్పులు. మోకాలి చిప్ప కింద ఎవరో కత్తి పెట్టి తిప్పినట్టయింది. కింద లోయ ఊగింది. ఇప్పుడు వెనక్కెళ్ళి, అయ్యా మనసు మార్చుకున్నాను అని ఏ మొహంతో అడగడం? కూర్చుండిపోతే కొట్టు పోయినట్టే.

"అక్కా, నా భుజం పట్టుకో," అంది పై మెట్టు మీద ఉన్న ఓక్‌బున్. "నేను గిజున్‌కి చెప్పనులే."

"పందెం నాతో నేను కట్టుకున్నదే! నువ్వు చెప్పకపోతే నాకు తెలియదా?" అని గద్దించడానికి మల్‌సుక్ గిర్రున వెనక్కి తిరిగింది. ఆ విసురుకి ఒక మెట్టు కిందికి పడింది కాలు. కెవ్వుమందామని నోరు తెరిచింది. నొప్పి రాలేదు.

కొండ వైపు మొహం పెట్టి ఇంకో మెట్టు దిగింది. రాలేదు. ఇంకోటి దిగింది. మడమల బదులు వేళ్ళు బరువు మోస్తున్నాయి, మోకాలు హాయిగా ఊరుకుంది. పక్కన ఇనప కమ్మీ ఉంది, అది ఎవరి చెయ్యీ కాదు. మల్‌సుక్ మొహం వెలిగిపోయింది.

వెనక వస్తున్న ఒక తల్లి ఆగిపోయింది. "ఎందుకమ్మా పెద్దావిడ వెనక్కి దిగుతోంది?" అని ఓక్‌బున్‌ని అడిగింది.

ఓక్‌బున్‌కి కోరిక దక్కలేదన్న ఉక్రోషం ఇంకా ఉంది. ఎవరినో ఒకరిని ఆడించాలి. గంభీరంగా మొహం పెట్టి, "స్వామికి వీపు చూపిస్తే అడిగింది జారిపోతుందట. మా అక్క ఏటా వస్తుంది, ఆవిడకి తెలియనిది లేదు," అంది.

జారిపోతుంది అన్న మాట చాలు. ఆ తల్లి చటుక్కున వెనక్కి తిరిగింది. ఆమె వెనకామె చూసింది, తిరిగింది. ఆ పైనున్న నలుగురూ తిరిగారు. ఎవరూ కారణం అడగలేదు. పరీక్ష ముందు ఎవరు మాత్రం అడుగుతారు? కాసేపటికి ఆ మెట్ల దారంతా తల్లులు కమ్మీలు పట్టుకుని, బుద్ధుడి కేసి కళ్ళార్పకుండా చూస్తూ, వెనక్కి వెనక్కి దిగుతున్నారు. నడుస్తున్నది మనుషులు కాదు, కొండే పైకి లేస్తోందని ఎదురొచ్చినవాళ్ళు భ్రమపడ్డారు. ఇదేం పిచ్చని విజిల్ ఊదుతూ వచ్చిన అటవీ కాపలాదారు సంగతి విని, తన కూతురికీ ఆ వారమే పరీక్షని గుర్తొచ్చి, విజిల్ జేబులో వేసుకుని తనూ తిరిగాడు.

కింద కారుకి ఆనుకుని గిజున్ ఎదురుచూస్తున్నాడు. స్ట్రెచర్ కోసం ఎవరికి ఫోన్ చెయ్యాలో అప్పటికే కనుక్కుని పెట్టుకున్నాడు. ముందు ఒక వీపు కనిపించింది. దాని వెనక వందల వీపులు. మొదటి వీపు మీద ఊదారంగు చొక్కా వాళ్ళమ్మదే.

"అమ్మా! ఏంటిదంతా?"

మల్‌సుక్ ఆఖరి మెట్టు దిగి, నేల తగిలాక గాని ఇటు తిరగలేదు. చెమట తుడుచుకుంది. పైనుంచి దిగుతున్న తల్లులు ఒక్కొక్కరే వచ్చి ఆమెకి నడుం వంచి మొక్కి, రేపు ఎక్కడ దొరుకుతుందో అడిగి పోతున్నారు.

"పట్టుకున్నావా ఎవరి చెయ్యైనా?" అన్నాడు గిజున్.

"ఆ ఓక్‌బున్‌ని అడుగు. నేను చెప్తే నమ్మవు."

ఓక్‌బున్ నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. "లేదురా అబ్బాయ్. నేనే పట్టుకోబోతే తిట్టింది."

గిజున్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. తాళాల ఊసు ఎత్తలేదు. మల్‌సుక్ ముందు సీట్లో రాణిలా కూర్చుని, బెల్టు లాక్కుంది.

"ఇంటికి కాదు, పిండి కొట్టు మీదుగా పోనీ," అంది. "రేపు పొద్దున వీళ్ళంతా మన దగ్గరికే వస్తారు. రెండు బస్తాలు ఎక్కువ వెయ్యి."