ఏడో నెల దాకా కట్టిన పీలిక

వీధిలో అందరూ ఆమెను ఇస్త్రీ పిన్ని అంటారు. ముప్పై మూడేళ్ళుగా ఒక పెద్ద హోటలు వాళ్ళ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. మిషనుకు ఇవతల ఒకరు తడి దుప్పటి అంచు అందిస్తే, అవతల పిన్ని వేడివేడిగా అందుకుని నాలుగు మడతలు వేస్తుంది. ఎవరి మడతైనా వంకర పోతే ఊరుకోదు. "దీని మీద పడుకున్నోడికి మెడ పట్టేస్తుందే" అంటుంది. అలాంటి మనిషికి పదిహేను రోజులుగా నోరు పెగలడం లేదు.

కారణం కొడుకు. ముప్పై ఒక్కేళ్ళవాడు, బస్సుల మెకానిక్కు. కాలి మీద చిన్న దెబ్బ నెలైనా మానకపోతే పరీక్ష చేయించుకున్నాడు. షుగరు మూడు వందల ఎనభై. ఆ మాట చెవిన పడగానే పిన్నికి గుర్తొచ్చింది ఒక్కటే, పీలిక.

వాడు కడుపులో ఉన్న రోజుల్లో లాండ్రీలో గర్భవతులని తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపేసేవారు. మొగుడి లారీ అప్పుడు షెడ్డులో పడి ఉంది. అందుకని చిరిగిన దుప్పట్లోంచి జానెడు వెడల్పు పీలిక చించి, పొద్దున్నే ఊపిరి బిగబట్టి కడుపుకు చుట్టుకునేది. ఎత్తుగా కనపడుతుందని మధ్యాహ్నం సగమే తినేది. ఏడో నెల దాకా ఎవరికీ అనుమానం రాలేదు. నెలలు నిండాకే పుట్టాడు గానీ, కిలో తొమ్మిది వందలే. "పిల్లాడా, పిల్లి పిల్లా?" అంది ఆడబిడ్డ. పిన్ని కూడా నవ్వింది. పీలిక సంగతి మాత్రం మొగుడికి కూడా చెప్పలేదు. లోటు తీరుద్దామని వాడి పాలల్లో చెంచా పంచదార వేయాల్సిన చోట రెండు వేసేది.

ఇప్పుడు ఆస్పత్రిలో కొడుకు పరీక్షకి రక్తం ఇవ్వడానికి లోపలికి వెళ్ళాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ నర్సు ముందు కూర్చున్నారు.

"మీ అబ్బాయి పుట్టినప్పుడు బరువెంతమ్మా?"

"కిలో తొమ్మిది వందలు. నా వల్లే" అంది పిన్ని. ఇక ఆగలేక, పీలిక సంగతి మొత్తం చెప్పేసింది. పక్కన మొగుడు నోరు తెరుచుకుని వింటున్నాడు.

నర్సు కలం పక్కన పెట్టింది. "తిండి చాలకపోతే బిడ్డ చిన్నగా పుట్టొచ్చు, కాదనను. కానీ అదొక్కటే కాదమ్మా. షుగర్ని అదుపులో పెట్టే ఇన్సులిన్ ఉందే, కడుపులో బిడ్డ ఎదగడానికి కూడా అదే కావాలి. అది తక్కువగా తయారయ్యే గుణం కొందరికి పుట్టుకతోనే వస్తుంది. వాళ్ళు చిన్నగా పుడతారు, పెద్దయ్యాక షుగరూ తొందరగా పట్టుకోవచ్చు."

"ఆ గుణం ఎవరిస్తారు?"

"అమ్మ ఇవ్వొచ్చు, నాన్న ఇవ్వొచ్చు. ఇంట్లో ఇంకెవరికైనా షుగరుందా?"

పిన్ని మెల్లిగా మొగుడి వైపు తిరిగింది. ఆయన పదేళ్ళుగా మాత్రలు మింగుతున్నాడు. "పుట్టగానే నిన్ను చెప్పుల పెట్టెలో పడుకోబెట్టారని మీ అమ్మ అనేది కదయ్యా?"

"సరదాకి అనేది" అన్నాడాయన. మళ్ళీ తనే, "చిన్నగా పుట్టిన మాట నిజమే" అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా మోస్తున్న మూట దించుకోవడానికి చోటు దొరికినట్టయింది పిన్నికి. అంతలోనే ఆయన మొహం చూసింది. లారీ బోల్తా కొట్టించినవాడిలా నేల చూస్తున్నాడు.

"అయితే వాడికిది నేనిచ్చిందేనంటావా?"

"సంచీలో పెట్టి ఇచ్చావా ఏం? నీకేం తెలుసు పాపం" అని కసిరింది.

"ఎవరి వల్ల ఎంతో ఏ పరీక్షా తూచి చెప్పదమ్మా" అంది నర్సు.

అదే పిన్నికి గుచ్చుకుంది. ఆయన తెలియక ఇచ్చాడు. తను మాత్రం తెలిసి, రోజూ పొద్దున్నే, తన చేత్తోనే ముడి వేసుకుంది.

కొడుకు మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ వచ్చాడు. చెప్పొద్దులే అన్నట్టు మొగుడు కళ్ళతోనే సైగ చేశాడు. పిన్ని చెప్పింది.

వాడు అంతా విని, "రోజుకి నాలుగు కూల్‌డ్రింకులు తాగమని కూడా నీ పీలికే చెప్పిందా అమ్మా?" అన్నాడు.

"నవ్వులాట కాదురా. నీకు అందాల్సిన తిండి తగ్గించాను."

వాడి నవ్వు ఆగిపోయింది. "కట్టుకున్నందుకు నిన్నేమంటాను. చెప్పకుండా దాచావు చూడు, అదే బాధ. తెలిస్తే ఎప్పుడో పరీక్ష చేయించుకునేవాణ్ణి కదా." ఆ తర్వాత నర్సు వైపు తిరిగాడు. "మా పాప కూడా రెండు కిలోలతోనే పుట్టింది సిస్టర్."

"భయపడకండి. మరీ బొద్దుగా చేయకండి, ఆడుకోనివ్వండి. పెద్దయ్యాక పరీక్షలు మానొద్దు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి."

పిన్ని తల దించుకుంది. పాప పుట్టి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో కోడలిని ఎన్నిసార్లు దెప్పిందో లెక్క లేదు, "కడుపుతో ఉండగా సరిగ్గా తిని ఏడిస్తే కదా" అని. ఆ పిల్ల ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

ఇంటికి వెళ్ళేసరికి కోడలు పాపకి జడ వేస్తోంది. పిన్ని చెప్పులు విప్పి, నేరుగా ఆమె పక్కనే నేల మీద కూలబడింది.

"ఏమైందత్తయ్యా, ఏమన్నారు?"

"నీకు నేనొక మాట చెప్పాలమ్మాయ్. జడ అయ్యేదాకా ఆగితే మళ్ళీ నాకు ధైర్యం ఉండదు."